ఆఫర్‌ లెటర్‌ కంటే ముందే మీ చేత పెట్టించే సంతకాలు

గ్రూప్స్‌కి చదివేవాళ్లను ఎవరినైనా ఆస్తి హక్కు గురించి అడిగి చూడండి. 44వ రాజ్యాంగ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిందని, ఇప్పుడది 300-ఎ అధికరణ కింద ఉందని తడుముకోకుండా చెప్పేస్తారు. మీరూ చెబుతారు. సరే, ఇంకో ప్రశ్న. మీరుంటున్న ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ఊళ్లో పొలం పాసుపుస్తకం నాన్న పేరున ఉందా, ఎప్పుడో పోయిన తాతయ్య పేరునే ఉందా? దాని మీద అప్పేమైనా ఉందా? ఇక్కడికొచ్చేసరికి చాలామంది నీళ్లు నములుతారు. 'అవన్నీ నాన్న చూసుకుంటారు' అనేస్తారు.

ఉద్యోగాల పేజీలో ఈ పొలం గట్ల గోల ఎందుకంటారా? మీ ఉద్యోగ ప్రయత్నాలకు అడుగడుగునా అడ్డుపడేది ఇదే కాబట్టి. ఎంఎస్‌కి వెళ్లాలనుకుంటారు. విద్యారుణం 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతాయి. ఇల్లుంది కదా అని ధీమాగా వెళతారు. బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లు తెమ్మంటాడు. చూస్తే ఇల్లు తాతయ్య పేరున ఉంటుంది. ఆయన పోయి పదేళ్లయింది, ముగ్గురు పిల్లల మధ్య పంపకాలు జరగలేదు. ఇప్పుడా తనఖాకి బాబాయి, మేనత్త కూడా సంతకం పెట్టాలి. అడ్మిషన్‌ గడువేమో రెండు వారాలు. మేనత్తతో మాటల్లేక నాలుగేళ్లు.

కేంద్ర ఉద్యోగాలకు ఈడబ్ల్యూఎస్‌ సర్టిఫికెట్‌ కావాలంటే ఏటా 8 లక్షల లోపు ఆదాయం ఒక్కటే చాలదు. కుటుంబానికి అయిదెకరాలు, అంతకు మించి వ్యవసాయ భూమి ఉండకూడదు, వెయ్యి చదరపు అడుగులు, ఆపైన ఫ్లాటు ఉండకూడదు. ఉమ్మడి భూమిలో నాన్న వాటా ఎంతో తేలకపోతే ఆ ఫారం ఎలా నింపుతారు? పోనీ ఉద్యోగం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు మొదటి నియామకం నాడే తమ ఆస్తులు, అప్పుల వివరాలు ఇవ్వాలి. వారసత్వంగా వచ్చిన స్థిరాస్తి కూడా అందులో రాయాల్సిందే.

ఇవన్నీ ఆలస్యాలు, చికాకులు. తిరిగితే తీరేవే. నాకు నిజంగా భయమేసేది వేరే విషయం. ఇరవై నుంచి పాతికేళ్ల మధ్య, మీరింకా కోచింగుల్లోనూ ఇంటర్వ్యూల్లోనూ తలమునకలై ఉన్నప్పుడు, ఇంట్లో ఓ పెద్ద కుదుపు వస్తే మీ చేత కొన్ని సంతకాలు పెట్టిస్తారు. 'ఏం లేదమ్మా, ఫార్మాలిటీ' అంటారు. ఆ సంతకాలు మీ మొదటి జీతం కంటే చాలా ఖరీదైనవి.

మొదటిది నోటు తిరగరాయడం. మన పల్లెల్లో ఇది తెలియనివాళ్లు ఉండరు. తండ్రి హఠాత్తుగా పోతాడు. పెద్దకర్మ అయిన వారానికి ఒక పెద్దమనిషి వస్తాడు, చేతిలో ప్రామిసరీ నోటు. 'మీ నాన్న మంచోడు బాబూ. నోటు గడువు అయిపోతోంది. వడ్డీతో కలిపి నీ పేరున తిరగరాసిచ్చెయ్‌, నిదానంగా కడుదువు' అంటాడు. పక్కన చుట్టాలు తలూపుతుంటారు. తండ్రి పోయిన దుఃఖంలో, నలుగురిలో పరువు పోతుందన్న బెంగలో ఆ కుర్రాడు సంతకం పెట్టేస్తాడు.

చట్టం ఏమంటుందో ఆ కుర్రాడికి ఎవరూ చెప్పరు. తండ్రి అప్పుకి వారసుల బాధ్యత, తండ్రి నుంచి వాళ్లకు దక్కిన ఆస్తి మేరకే. రెండు లక్షల ఆస్తి వచ్చి, పది లక్షల అప్పు ఉంటే, ఆ రెండు లక్షల వరకే. ఆస్తే రాకపోతే చట్టప్రకారం కట్టాల్సిందీ లేదు. కొడుకు అన్నవాడు తండ్రి రుణం తీర్చడం ధర్మం కాబట్టి కట్టి తీరాలన్న పాత హిందూ న్యాయసూత్రం ఒకటుండేది. 2005 సవరణ తర్వాత చేసిన అప్పులకు అది వర్తించదు. పైగా ప్రామిసరీ నోటు మీద దావా వెయ్యడానికి మూడేళ్లే గడువు. మధ్యలో కొంత సొమ్ము కట్టినా, బాకీ ఉందని రాసిచ్చినా ఆ గడువు మళ్లీ మొదలవుతుంది. అందుకే ఆ పెద్దమనిషికి అంత తొందర. మీరు మీ పేరున తిరగరాసిచ్చిన క్షణం నుంచీ అది నాన్న అప్పు కాదు, మీ సొంత అప్పు. రేపు కోర్టు డిక్రీ ఇస్తే మీ జీతంలో కొంత భాగం జప్తు చేయించుకోవచ్చు.

తండ్రి బాకీలు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. నాన్న మాట నిలబెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, తప్పులేదు. కానీ అది ఆస్తి ఎంత, అప్పు ఎంత, అమ్మకు ఏం మిగలాలి అని లెక్కేసుకున్నాక మీరు తీసుకోవాల్సిన నిర్ణయం. పదకొండో రోజున వాకిట్లో నిలబెట్టి తీయించుకోవాల్సింది కాదు. 'అమ్మతో, మా మేనమామతో మాట్లాడి చెబుతానండీ' అనండి చాలు. మర్యాద తప్పినట్టు కాదు. (అప్పు తీసుకునేటప్పుడే బ్యాంకులో మీరు కో-అప్లికెంట్‌గానో హామీదారుగానో సంతకం చేసి ఉంటే మాత్రం ఈ రక్షణ లేదు. ఆ బాధ్యత మీదే.)

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. అప్పుల వాళ్లు వెతుక్కుంటూ వస్తారు గానీ, రావాల్సిన సొమ్ము వెతుక్కుంటూ రాదు. నాన్న బ్యాంకు పాసుబుక్కు తీసి ఏటా 436 రూపాయలు కట్‌ అయిన ఎంట్రీ ఉందేమో చూడండి. అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా ప్రీమియం, రెండు లక్షల పాలసీ. ఎప్పుడో బ్యాంకులో ఫారం మీద సంతకం పెట్టి ఇంట్లో చెప్పడం మర్చిపోయినవాళ్లు ఎందరో. తెలంగాణలో పట్టా ఉన్న రైతు 18 నుంచి 59 ఏళ్ల మధ్య చనిపోతే రైతుబీమా కింద అయిదు లక్షలు వస్తుంది. ఆ పట్టా తాతయ్య పేరునే ఉండిపోతే, రోజూ పొలం దున్నిన నాన్నకు ఆ బీమా లేనట్టే. పాసుపుస్తకంలో పేరు మార్పించుకోకపోవడం వల్ల జరిగే నష్టాల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

రెండో సంతకం ఆడపిల్లల చేత పెట్టించేది. హక్కు విడుదల దస్తావేజు. 

దీని చరిత్ర మన రాష్ట్రంతో ముడిపడి ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు వర్తించింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే బాట పట్టాయి. దేశం మొత్తానికి రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా అప్పుడే పోయింది. తండ్రి 2005 నాటికి బతికుండాలా అక్కర్లేదా అన్న తగువును 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడడానికి లేదు.

చట్టం అంత ముందుంది. మరి ఇళ్లల్లో? 'కట్నం ఇచ్చాం, పసుపుకుంకుమల కింద అరెకరం రాశాం, ఇంకా ఆస్తేమిటి' అన్న మాట నేటికీ వినిపిస్తుంది. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా చెల్లిపోదు. అసలు కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం. ఒక నేరాన్ని చూపించి ఇంకో హక్కును రద్దు చేయడం విచిత్రం కాదూ? ఇలా నేరుగా అడిగితే ఎవరూ గట్టిగా వాదించరు గానీ, పని మాత్రం మెత్తగా జరిగిపోతుంది. 'తమ్ముడు ఇంటి మీద లోను పెడుతున్నాడు, నీ సంతకం కూడా కావాలట' అని సబ్‌ రిజిస్ట్రార్‌ ఆఫీసుకి తీసుకెళతారు. ఆరు పేజీల దస్తావేజు. డాక్యుమెంట్‌ రైటర్‌ వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం, వేలిముద్ర, ఫొటో. పది నిమిషాల్లో అయిపోతుంది. బయటకొచ్చి అందరూ టిఫిన్‌ చేస్తారు.

అమ్మాయిలూ, ఒక్క ప్రశ్న వేసుకోండి. అది నిజంగా ఫార్మాలిటీయే అయితే రిజిస్ట్రేషన్‌ ఎందుకు? స్థిరాస్తిలో హక్కు వదులుకోవడం రిజిస్టరైతేనే చెల్లుతుంది, అందుకే. రిజిస్టరయ్యాక దాన్ని రద్దు చేయించాలంటే మోసమో, బలవంతమో జరిగిందని కోర్టులో మీరే రుజువు చేయాలి. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలి. 'చదవకుండా సంతకం పెట్టాను' అన్నది, అందులోనూ ఎంబీఏ చదివిన అమ్మాయి అన్నప్పుడు, కోర్టులో అంత తేలిగ్గా నిలబడే మాట కాదు.

వాటా వదులుకోవడం తప్పని కాదు. అమ్మను చూసుకుంటున్న తమ్ముడికి ఇష్టపూర్వకంగా ఇచ్చేయొచ్చు, అది మీ ఇష్టం. ఏమిటిస్తున్నారో తెలిసి ఇవ్వండి. దస్తావేజు ముసాయిదా రెండు రోజుల ముందు చేతికి తీసుకోండి. 'విడుదల' అని ఉందా, 'భాగపంపకం' అని ఉందా, 'దానం' అని ఉందా చూడండి. ఎన్ని సర్వే నంబర్లు రాశారో లెక్కపెట్టండి. ఒక్క ఇంటి గురించి చెప్పి, చివరి పేజీ షెడ్యూలులో పొలం కూడా కలిపేస్తే తెలిసేది అక్కడే.

అబ్బాయిలకూ ఒకటి చెప్పాలి. అక్కచెల్లెళ్ల సంతకం ఇలా తీసుకున్న ఆస్తి మీకూ మనశ్శాంతి ఇవ్వదు. పదేళ్ల తర్వాత ఆ స్థలం అమ్మబోతే కొనేవాడి లాయరు అడిగే మొదటి ప్రశ్న 'ఆడపడుచులు ఎవరైనా ఉన్నారా' అనే. దాన్ని మీరు ఏ కోణంలోంచైనా చూడండి, ముందే సరిగ్గా పంచుకున్నవాడి ఆస్తికే ధర ఎక్కువ.

ఇప్పుడు కుర్రాళ్లలో గట్టిగా పాతుకుపోయిన ఓ నమ్మకం సంగతి. 'తాతల ఆస్తిలో నాకు పుట్టుకతో వాటా ఉంది, నాన్న కాదనలేడు.' దీన్ని నమ్ముకుని తండ్రుల మీద కేసులేసిన వాళ్లున్నారు. తాతయ్య తన కష్టార్జితంతో కొన్న ఆస్తి, ఆయన 1956 తర్వాత వీలునామా లేకుండా పోతే, వారసత్వ చట్టం ప్రకారం మీ నాన్నకు వచ్చిన వాటా నాన్న సొంత ఆస్తే. మనవడికి అందులో పుట్టుకతో హక్కు రాదని 1986లోనే చందర్‌సేన్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాన్న దాన్ని అమ్ముకోవచ్చు, ఎవరికైనా రాయొచ్చు. నిజమైన పిత్రార్జితం, అంటే అంతకుముందు తరాల నుంచి ఉమ్మడిగానే వస్తున్నది, నేడు చాలా కుటుంబాల్లో మనం అనుకునేదాని కంటే తక్కువ. ఆస్తి వస్తుందిలే అని ఉద్యోగ ప్రయత్నం వాయిదా వేసేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

తండ్రి సొంతంగా కట్టిన ఇల్లు ఎవరికి వస్తుంది? హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి... అందరికీ సమానంగా. తల్లి అంటే మీ నాయనమ్మ. ఈ ముక్క ఎవరూ పట్టించుకోరు. మీరు, చెల్లి, అమ్మ, నాయనమ్మ ఉన్నారనుకోండి, తలా పావు వాటా. కొన్నాళ్లకు నాయనమ్మ వీలునామా రాయకుండా పోతే, తాతయ్య లేకపోతే, ఆమె పావు వాటా ఆమె పిల్లలకు పోతుంది. బాబాయి, మేనత్త, పోయిన మీ నాన్న తరఫున మీరిద్దరూ కలిపి ఒకటి. అంటే మీ నాన్న కట్టిన ఇంట్లో బాబాయికి, మేనత్తకు చెరో పన్నెండో వంతు. వాళ్లేమీ దురాశాపరులు కారు, చట్టం లెక్క అది. నాయనమ్మ బతికుండగానే ఆమెతో మాట్లాడుకుని, ఆమెకు ఇష్టమైతే రాతపూర్వకంగా తేల్చుకుంటే పోయేది, రెండు తరాలు కోర్టుకెళ్లాల్సి వస్తుంది. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, అక్కడా కొడుకూ కూతురూ సమానమే. ముస్లిం కుటుంబాలకు వారి వ్యక్తిగత చట్టం, అందులో కూతురి వాటా కొడుకు వాటాలో సగం.

బ్యాంకు డిపాజిట్‌కో షేర్లకో మీరు నామినీ అయితే సొమ్మంతా మీదేననుకోకండి. నామినీ అంటే సొమ్ము తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది.

ఇక పన్ను. అమెరికా, బ్రిటన్‌ల వీడియోలు చూసి 'వారసత్వ పన్ను ఎంత కట్టాలి' అని అడుగుతుంటారు. మన దేశంలో అది లేదు. 1953లో తెచ్చిన ఎస్టేట్‌ డ్యూటీని 1985లో ఎత్తేశారు. వారసత్వంగా ఆస్తి చేతికొస్తే పన్ను లేదు, దాన్నుంచి అద్దె వస్తే ఉంటుంది, దాన్ని అమ్మితే ఉంటుంది. నెలకు 15 వేల అద్దె వస్తోందనుకోండి. ఏడాదికి లక్షా 80 వేలు. మున్సిపల్‌ పన్ను 5 వేలు కట్టుంటే తీసేస్తే లక్షా 75 వేలు. అందులో 30 శాతం ఏ బిల్లులూ చూపక్కర్లేకుండా మినహాయింపు. మిగిలేది లక్షా 22 వేల 500. వాటాలు స్పష్టంగా ఉంటే అమ్మ, మీరు, చెల్లి ఎవరి వాటా మేరకు వాళ్లే చూపించుకోవచ్చు. పంపకం తేలకుండా అద్దె మొత్తం మీ ఖాతాలో పడుతుంటే లెక్క చెప్పాల్సింది మీరే.

అమ్మకం దగ్గరే చాలామంది బోర్లా పడేది. 'వారసత్వంగా ఊరికే వచ్చింది, కొన్న ధర సున్నా కదా, మొత్తం లాభమేనా?' కాదు. తాతయ్యో నాన్నో పెట్టిన ఖరీదే మీ ఖరీదు, వాళ్లు ఉంచుకున్న కాలం కూడా మీ లెక్కలోకే వస్తుంది. 2001 ఏప్రిల్‌ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు నాటి విలువ తీసుకోవచ్చు, కాకపోతే అప్పటి స్టాంపు విలువ దాటకూడదు. లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జులై 23కి ముందు సంపాదించిన ఇల్లు, స్థలాలకు దేశంలో ఉండేవాళ్లు ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం లెక్క వేసుకుని, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు కదా అని ఈ లాభానికీ అదే అనుకుంటే పొరపాటు, ఆ రిబేటు దీనికి రాదు. ఊరికి దూరంగా ఉన్న పల్లె వ్యవసాయ భూమికి మాత్రం ఈ పన్నే లేదు. మున్సిపాలిటీ జనాభాను బట్టి రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్ల దూరం లెక్క ఉంటుంది, చూసుకోవాలి.

ఆఫీసులో చేరిన మొదటి ఏడాదే 'దొంగ అద్దె రసీదులు పెట్టు, ట్యాక్స్‌ తగ్గుతుంది' అని సలహా ఇచ్చే సీనియర్‌ ఒకడు తగులుతాడు. కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు. 2025-26 నుంచి అందులో 12 లక్షల 75 వేల దాకా జీతానికి పన్ను పడదు. మీ నాలుగు లక్షల ప్యాకేజీకి దొంగ రసీదు దేనికి? నిజంగా అద్దెకుంటే మాత్రం కాగితం సరిగ్గా రాయించుకోండి. సాధారణంగా అందరూ 11 నెలల అగ్రిమెంట్‌ రాస్తారు. అడ్వాన్స్‌ ఎంత, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌ పేరున ఎంత పట్టుకుంటారు అన్నది అందులో ఉండాలి. అద్దె చేతికి ఇవ్వకుండా ఫోన్‌లో పంపండి.

ఇదంతా విని 'నాన్నని ఎలా అడగాలి? ఆస్తి కోసం కాచుక్కూర్చున్నాడనుకుంటారు' అంటారా? ఆ భయం సహజమే. వీలునామాతో మొదలుపెట్టకండి. 'లోనుకి డాక్యుమెంట్లు కావాలట, ఓసారి బీరువాలోవి చూద్దామా' అనండి. అబద్ధమేమీ కాదు, రేపు ఎలాగూ కావాలి. సేల్‌ డీడ్‌, పాసుపుస్తకం, పన్ను రసీదులు, బీమా పాలసీలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రిజిస్ట్రేషన్‌ శాఖ వెబ్‌సైట్‌లో డాక్యుమెంట్‌ నంబరు కొట్టి ఈసీ తీయండి, రిజిస్టరైన తనఖాలు ఉంటే బయటపడతాయి. ఆంధ్రలో మీభూమిలో, తెలంగాణలో భూభారతిలో పొలం ఎవరి పేరున ఉందో చూడండి. రెవెన్యూ రికార్డులో పేరున్నంత మాత్రాన యాజమాన్య హక్కు రుజువైనట్టు కాదు, కానీ అందులో తప్పుంటే సరిదిద్దించుకోవడానికి నాన్న ఉన్నప్పుడే తేలిక. కాగితాలన్నీ మంచం మీద పరిచాక వీలునామా మాట ఆయనే తెస్తారు, లేదా అమ్మ తెస్తుంది. అప్పుడు చెప్పండి: దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు, తెల్ల కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, ఆ ఇద్దరి చేతా సంతకాలు చేయిస్తే చాలు, మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు అని.